రొట్టె కాపరి, పిండి పిసికే ఆమె, రొట్టె తినేవాడు: మూడు పాత ఇంగ్లీషు మాటలు

పాత ఇంగ్లీషు అనగానే చాలామందికి షేక్‌స్పియర్ గుర్తుకొస్తాడు. భాషాచరిత్రలో ఆ పేరు అంతకు చాలా ముందరి దశది. 5వ శతాబ్దంలో జర్మానిక్ తెగలు బ్రిటన్‌కు వలస వచ్చినది మొదలు, 1066 నాటి నార్మన్ల ఆక్రమణ తర్వాత కొన్ని దశాబ్దాల దాకా సాగిన భాష అది. అప్పట్లో రొట్టెకు వాడుక మాట హ్లాఫ్. నేటి లోఫ్ దాని రూపమే. దాని మీద కట్టిన సమాసాలు హ్లాఫోర్డ్, హ్లేఫ్‌డిగె, హ్లాఫేటా. మొదటి రెండూ నేటి లార్డ్, లేడీ. ఇవి పుట్టుకతో హోదా మాటలు కావనీ, ఒకే పొయ్యి మీద బతికే ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో చెప్పిన మాటలనీ నా వాదన.

హ్లాఫోర్డ్‌లో రెండో భాగం వెయర్డ్, అంటే కాపరి. అరిగిపోని పూర్తి రూపం హ్లాఫ్‌వెయర్డ్ ఒక కీర్తనల అనువాదంలో కనిపిస్తుంది. అక్కడ ఆ మాట యోసేపుది. ఐగుప్తు రాజు తన ఇంటిమీద అధికారిగా నియమించినవాడు, కరువులో ధాన్యం కొట్లు తెరిచినవాడు. అనువాదకుడికి ఇంతకన్నా తగిన మాట దొరకదు.

హ్లేఫ్‌డిగెలోని డిగెను పిండి పిసకడం అనే ధాతువుతో వివరిస్తారు. రొట్టెలు చేసే స్త్రీని, పాడి చూసుకునే స్త్రీని చెప్పే డేగె దీని చుట్టమే. నేటి డెయిరీ ఆ డేగె నుంచి వచ్చింది. పిండిముద్దను చెప్పే డో కూడా ఈ కుటుంబంలోదే. ఇండో-యూరోపియన్ మూలంలో ఆ ధాతువుకు మట్టినో పిండినో పిసికి, మెత్తి, రూపం ఇవ్వడమని అర్థం. సంస్కృతంలో అది దిహ్ ధాతువు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న దేహం అందులోంచే పుట్టింది. ప్రాచీన ఇరానీలో అదే మూలం గోడ అయింది. చుట్టూ గోడ కట్టిన తోటను చెప్పే ఇరానీ మాట గ్రీకు మీదుగా ఇంగ్లీషుకు చేరి ప్యారడైజ్ అయింది.

నా వాదనకు అసలు బలం మూడో మాట. 7వ శతాబ్దం మొదట్లో కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ చేసిన శాసనం ఇంగ్లీషులో మనకు దక్కిన అతి పాత శాసనం. 12వ శతాబ్దంలో రోచెస్టర్‌లో రాసిన ప్రతిలో అది నిలిచింది. ఒక చెయోర్ల్ ఇంటి హ్లాఫేటాను, అంటే అతని రొట్టె తినేవాణ్ణి, ఎవరైనా చంపితే 6 షిల్లింగులు కట్టాలని అందులో ఉంది. చెయోర్ల్ ప్రభువు కాడు, మామూలు స్వతంత్ర రైతు. అతని రక్షణను భంగపరిచినందుకు అదే శాసనం విధించిన సొమ్ము కూడా 6 షిల్లింగులే. ఈ రెండు అంకెలూ కలవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆ సొమ్ము చచ్చినవాడి ప్రాణానికి వెల కాదు, అతనికి అన్నం పెట్టిన ఇంటి గౌరవానికి వెల. రొట్టె తినేవాళ్లు రైతు ఇంట్లోనూ ఉన్నారంటే రొట్టె కాపరితనం కులీనుల సొత్తు కాదు. పాత ఇంగ్లీషు రచనల్లో ఇంటి యజమానిని, భర్తను కూడా హ్లాఫోర్డ్ అనడం దీనికి తోడు సాక్ష్యం.

తర్వాత మాటలు ఇల్లు దాటాయి. 918లో టామ్‌వర్త్‌లో కన్నుమూసిన ఎథెల్‌ఫ్లెడ్‌ను మెర్సియన్ల హ్లేఫ్‌డిగె అన్నారు. ఆమె కోటలు కట్టించి, సేనలు నడిపించిన పాలకురాలు. నార్మన్లతో బారన్, డ్యూక్ వంటి ఫ్రెంచి బిరుదులు వచ్చినా లార్డ్, లేడీ చెక్కుచెదరలేదు. మారింది పలుకు మాత్రమే: మొదటి హకారం జారిపోయింది, నడిమి ఫకారం వకారంగా మారి అదీ కరిగిపోయింది. హ్లాఫేటా మాత్రం తర్వాతి ఇంగ్లీషుకు చేరలేదు. సేవకుడికి ఫ్రెంచి సర్వెంట్ వచ్చి కూర్చుంది.

లార్డ్ హిందుస్తానీ నోళ్లలో లాట్ అయింది. గవర్నర్ జనరల్‌ను లాట్ సాహెబ్ అనేవారని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు నమోదు చేసింది. తెలుగులో లాటుసాహెబు అంటే ఏ పనీ ముట్టకుండా దర్జా వెలగబెట్టేవాడు.