ప్లీహం, కాలేయం: జ్వరసీమల వైద్య చరిత్రలో ఒక భేదం

1891లో నాగ్‌పూర్–ఆసన్‌సోల్ మార్గం పూర్తయి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బండ్లు బిలాస్‌పూర్ మీదుగా నడవసాగిన తరువాత, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ఆ ప్రాంతం తెలుగు కార్మిక కుటుంబాలకు కూడా నివాసమైంది. మధ్య భారతపు అడవి అంచుల్లో వారికి ఎదురైన పెద్ద శత్రువు మలేరియా. ఆ జ్వరం తిరగబెడుతూ ఉంటే పక్కటెముకల కింద గట్టిగా తగిలే వాపును జనం ‘బల్ల’ అనేవారు. అది కుడివైపు కాలేయానిదో, ఎడమవైపు ప్లీహానిదో విడదీసి చూసే అలవాటు తక్కువ.

ప్రాచీన వైద్యులు ఈ రెండింటినీ వేర్వేరుగానే గుర్తించినా, వాటి పనులను ఒకే కోవలో చేర్చారు. యకృత్తు (కాలేయం), ప్లీహం రెండూ రక్తం నుంచే పుట్టాయని సుశ్రుత సంహిత చెప్పింది. గ్రీకు వైద్యుడు గాలెన్ కాలేయమే రక్తాన్ని తయారుచేస్తుందని, అందులోని నల్లని పిత్తాన్ని ప్లీహం పీల్చుకుంటుందని బోధించాడు. 1628లో విలియం హార్వే రక్త ప్రసరణను నిరూపించడంతో గాలెన్ సిద్ధాంతానికి పునాది కదిలింది. 1857లో క్లాడ్ బెర్నార్డ్ కాలేయం నుంచి గ్లైకోజెన్‌ను, అంటే శరీరం నిల్వచేసుకునే చక్కెర రూపాన్ని, వేరుచేశాడు. సుమారు కిలోన్నర బరువుండే కాలేయం పైత్యరసాన్ని స్రవించి, విషపదార్థాలను విరిచి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను తయారుచేస్తుంది. దాదాపు 150 గ్రాముల ప్లీహం జల్లెడలా పనిచేసి, సుమారు 120 రోజులు బతికిన ఎర్రకణాలను ఏరివేస్తూ, రక్తంలో చొరబడిన సూక్ష్మజీవులను పట్టి నిలుపుతుంది.

మలేరియా తీవ్రతను కొలిచేందుకు బ్రిటిష్ పాలన కాలపు వైద్యులు ఎంచుకున్నది ప్లీహాన్నే. 1840ల్లో ఉత్తర భారత కాలువల వెంబడి వైద్యుడు డెంప్‌స్టర్ పల్లె పిల్లల పొట్టలు తడిమి, ప్లీహం పెరిగినవారి శాతాన్ని లెక్కించాడు. తరువాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే మలేరియా నిపుణుడు రొనాల్డ్ సీనియర్-వైట్ కూడా ఈ జ్వరంపై విస్తృతంగా సర్వేలు జరిపాడు. పరీక్షించే పద్ధతి సులభం: పిల్లవాడు గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు, పెరిగిన ప్లీహం ఎడమ పక్కటెముకల కింద నుంచి బొడ్డు వైపు దిగి వేళ్లకు తగులుతుంది, దాని అంచున ఒక నొక్కు ఉంటుంది, కాలేయం అంచు కుడివైపు నుంచి దిగుతుంది.

అయితే ఈ లెక్కలు పరిమాణాన్ని చూశాయి గాని పనిని చూడలేదు. ప్లీహం తీసివేసిన పసివారికి తీవ్రమైన అంటువ్యాధులు సోకుతున్నాయని 1952లో శస్త్రవైద్యులు కింగ్, షుమాకర్ వెల్లడించాకే, ఆ అవయవపు రక్షణ పాత్ర వైద్యులకు స్పష్టమైంది. ఛత్తీస్‌గఢ్‌లో విస్తృతంగా కనిపించే సికిల్‌సెల్ వ్యాధికి, అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలను మూసివేసే వంశపారంపర్య జబ్బుకు, ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. ఇక్కడి రోగుల్లో ప్లీహం చాలాకాలం ఉబ్బి ఉండటం సాధారణమే అయినా, చేతికి పెద్దదిగా తగిలే ప్లీహం రక్షణ ఇస్తోందని చెప్పలేం. అందుకే వారికి న్యుమోకోకస్ అనే బాక్టీరియాను అడ్డుకునే టీకా, జ్వరం రాగానే తక్షణ చికిత్స తప్పనిసరి. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ఫలించాలంటే, ఈ రెండు అవయవాల భేదం వైద్యులకే కాక తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలి.