మిర్చి ప్రయోగశాలల్లో పరికరాల అమరిక

వినుకొండ పరిసరాల్లో పండిన మిర్చి గుంటూరు యార్డు దాటి విదేశాలకు వెళ్లాలంటే ప్రయోగశాల గడప తొక్కక తప్పదు. స్పైసెస్ బోర్డు నాణ్యత పరీక్షలకు 1989లోనే కొచ్చిలో ప్రయోగశాల తెరిచినా, ఆ పరీక్షలకు అసలైన ఒత్తిడి 2003లో వచ్చింది. భారతీయ మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్-1 అనే నిషిద్ధ రంగు బయటపడటంతో, అది లేదని తేల్చే నివేదిక తోడు లేని సరుకును రానివ్వబోమని ఐరోపా సమాఖ్య ఆ ఏడాదే షరతు పెట్టింది. గుంటూరులో బోర్డు ప్రయోగశాల వెలసింది ఆ తర్వాతే. రంగు కంటే కఠినమైన చిక్కు అఫ్లటాక్సిన్, అంటే బూజు నుంచి పుట్టే విషం. మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదన్నది ఐరోపా నియమం.

అమరిక ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. బూజు బస్తా అంతటా సమంగా ఉండదు, కొన్ని కాయలకే పడుతుంది. అందుకే నమూనా మొత్తాన్ని మెత్తగా దంచి కలపాలి. దంచితే ధూళి లేస్తుంది. ఆ ధూళిలో ఉండగలిగిన విషం క్యాన్సర్ కారకం. అదే ధూళి పక్క బల్ల మీది నమూనాలో పడితే మంచి సరుకు కూడా చెడ్డదిగా తేలవచ్చు. కాబట్టి దంచే మరకూ కొలిచే యంత్రానికీ మధ్య కట్టే గోడ మనిషినీ ఫలితాన్నీ ఒకేసారి కాపాడుతుంది. భద్రత ఖర్చు, వేగం లాభం అని రెండింటినీ వేరుచేసి లెక్కవేయడం తప్పని ఈ ఒక్క చోటే తేలిపోతుంది. 1999లో వెలువడిన ఐఎస్ఓ 17025 ప్రమాణం కూడా పొసగని పనులు జరిగే చోట్లను విడదీయాలనే అంటుంది. ఆలోచన కొత్తదేమీ కాదు: విషవాయువులను బయటికి పంపే అద్దాల గూళ్లు 19వ శతాబ్దంలోనే జర్మనీలో రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రయోగశాలలో ఉండేవి. నేటి ఫ్యూమ్ హుడ్‌కు అవే పూర్వరూపం. అయితే హుడ్ కొనడంతో పని అయిపోదు. దాన్ని తలుపు పక్కనో సీలింగ్ ఫ్యాను కిందో పెడితే గాలి అడ్డు తగిలి, పరీక్షకు వాడే మెథనాల్ ఆవిరి పనిచేసేవారి ముఖం మీదికే వస్తుంది.

గదులు విడదీస్తే నడక పెరిగి పని మందగిస్తుందన్న అభ్యంతరం ఉంది. నడక పెరిగేది నిజమే. కానీ కలుషితమైన నమూనాను మళ్లీ దంచి, వడగట్టి, కొలవడానికి పట్టే సమయం ముందు ఆ నాలుగడుగులు లెక్కలోకి రావు. చిన్న ఊళ్లలో అన్ని గదులెక్కడివన్న ప్రశ్న ఇంకా బలమైనది. ఉన్నది ఒకే గది అయితే స్థలానికి బదులు సమయాన్ని విడదీయవచ్చు: ఆ రోజు కొలతలన్నీ ముగిశాకే మర తిప్పి, బల్లల్ని సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచి, మర్నాటి పరీక్షలు పొద్దున్నే మొదలుపెట్టాలి. గోడ అంత నమ్మకం దీనికి లేదు, ఒక్కరు వేళ తప్పినా ఏర్పాటు చెడుతుంది.