కొవ్వు కాలేయం, కొద్దిపాటి మద్యం: ఒక గీత కథ

“డాక్టరు గారూ, నేనేమీ తాగుబోతును కాను. వారానికి రెండుసార్లు, అదీ రెండేసి పెగ్గులు. అంతమాత్రానికే కాలేయం చెడిపోతుందా?” స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్’ అన్న మాట చూసి కలవరపడి వచ్చినవారు నా వైద్యవృత్తిలో తరచుగా అడిగిన ప్రశ్న ఇది. తాగుబోతుకూ, కొద్దిగా తాగేవారికీ నడుమ ఒక గీత ఉన్నదనీ, ఆ గీతకు ఇవతల భయం లేదనీ ఈ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉన్నది. నిజానికి ఆ గీతను గీసింది వైద్యశాస్త్రమే. అది ఎందుకు గీయవలసి వచ్చిందో తెలిస్తే ప్రశ్నకు సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

మద్యానికీ కాలేయవ్యాధికీ ఉన్న సంబంధం పాత సంగతే. గట్టిపడి, పసుపు గోధుమ వన్నెకు మారిన కాలేయానికి 1819లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ ‘సిరోసిస్’ అని పేరు పెట్టాడు. 1836లో లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు థామస్ అడిసన్ మద్యపానం చేసేవారి కాలేయంలో కొవ్వు పేరుకోవడాన్ని వర్ణించాడు. అయితే ఆ కొవ్వుకు కారణం మద్యమేనా, లేక తాగేవారు సరిగా తిండి తినకపోవడమా అన్న సందేహం మరో వందేళ్లకు పైగా తీరలేదు. ఇన్సులిన్ ఆవిష్కర్తలలో ఒకరైన ఛార్లెస్ బెస్ట్ బృందం 1949లో ఎలుకలపై చేసిన ప్రయోగాల ఆధారంగా, కాలేయానికి మద్యం చేసే హాని చక్కెర చేసే హాని కంటే భిన్నమైనది కాదనీ, అసలు లోపం పోషకాహారంలోనే ఉన్నదనీ వాదించింది.

ఈ వాదాన్ని సవాలు చేసినవాడు న్యూయార్క్‌లో పరిశోధన సాగించిన ఛార్లెస్ లీబర్. 1960లలో ఆయన బృందం స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి మంచి పోషకాహారంతో పాటు మద్యాన్ని ఇచ్చి పరీక్షించింది. ఆహారంలో లోటు లేకున్నా కొద్ది రోజుల్లోనే కాలేయంలో కొవ్వు చేరింది. తరువాతి దశకంలో బబూన్ కోతులపై జరిపిన ప్రయోగాలలో సిరోసిస్ దాకా వెళ్లిన కాలేయాలనూ చూపారు. మద్యం స్వయంగానే కాలేయానికి విషమని అప్పటికి తేలింది.

కథ అక్కడ మలుపు తిరిగింది. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన యూర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారి కాలేయం ముక్కలను సూక్ష్మదర్శినిలో చూస్తే అచ్చం తాగుబోతుల కాలేయాల వలెనే ఉన్నాయి. వారికి మాత్రం చెప్పుకోదగిన తాగుడు అలవాటు లేదు. ఎక్కువమంది స్థూలకాయులు, మధుమేహం వంటి జబ్బులు పలువురికి ఉన్నాయి. అంతవరకూ ఇటువంటి రోగులు తాగుడును దాస్తున్నారన్న అనుమానానికి గురయ్యేవారు. వారి వ్యాధికి లుడ్విగ్ బృందం ‘నాన్ ఆల్కహాలిక్’ అన్న విశేషణం చేర్చింది.

మద్యం వల్ల కాదు అని చెప్పాలంటే ఎంతవరకు తాగినవారిని ఈ వర్గంలో చేర్చాలో తేల్చవలసి వచ్చింది. కాలక్రమంలో రోజుకు మహిళలకు 20 గ్రాములు, పురుషులకు 30 గ్రాముల ఆల్కహాల్ అన్న హద్దు వాడుకలోకి వచ్చింది. ఇది రోగులను రెండు వరుసలుగా విడదీయడానికి గీసిన గీత మాత్రమే. కాని దానికి ఇవతల తాగితే హాని లేదన్న అర్థం జనంలో స్థిరపడింది.

ఈ అపార్థానికి బలం చేకూర్చిన సంగతి మరొకటి ఉన్నది. 1990ల నుంచి, కొద్దిపాటి వైన్ గుండెకు మేలన్న మాట ప్రపంచమంతా పాకింది. 2008లో అమెరికా సర్వే గణాంకాలపై చేసిన ఒక పరిశీలనలో, మితంగా వైన్ తాగేవారిలో కొవ్వు కాలేయం తక్కువగా కనిపించింది. జపాన్ పురుషులలోనూ అటువంటి ఫలితమే వచ్చింది. అయితే ఇవి ఒకే సమయంలో తీసిన ఛాయాచిత్రాల వంటివి. జబ్బుపడి తాగుడు మానినవారు కూడా వీటిలో ‘తాగనివారి’ లెక్కలో చేరవచ్చు. మితంగా వైన్ తాగేవారిలో చాలామందికి ఆదాయమూ, ఆహారమూ, వ్యాయామమూ మెరుగ్గా ఉండవచ్చు.

కొన్నేళ్లపాటు అదే మనుషులను గమనించిన అధ్యయనాలు మరో చిత్రాన్ని చూపాయి. 2018లో అమెరికాలో రెండుసార్లు కాలేయం ముక్క పరీక్ష చేయించుకున్న రోగులను పోల్చినప్పుడు, మద్యం ముట్టనివారి కాలేయంలో కొవ్వు తగ్గినంతగా మితంగా తాగేవారిలో తగ్గలేదు. 2019లో వెలువడిన దక్షిణ కొరియా అధ్యయనంలో, కొవ్వు కాలేయం ఉన్న దాదాపు 59 వేల మందిలో మితంగా తాగేవారి కాలేయం గట్టిపడే సూచికలు మరింత దిగజారాయి. 2020లో ఫిన్లాండ్ పరిశోధకులు రోజుకు 10 నుంచి 19 గ్రాములు తాగిన కొవ్వు కాలేయ రోగులలో తీవ్ర కాలేయవ్యాధి ముప్పు, జీవితంలో ఎన్నడూ తాగనివారితో పోలిస్తే, రెట్టింపుగా ఉన్నదని గుర్తించారు. ఆ స్థాయి తాగుడు పాత గీతకు ఇవతలిదే! అదే అధ్యయనంలో పొగతాగని వారికి గుండెజబ్బులు కొంత తక్కువగా కనిపించిన మాటా వాస్తవమే. కాని ఒక అవయవానికి రావచ్చునన్న లాభం కోసం, ఇప్పటికే జబ్బుపడిన మరో అవయవాన్ని పణంగా పెట్టమని ఏ వైద్యుడూ చెప్పడు.

కారణం అర్థం కానిదేమీ కాదు. మద్యం చేరగానే కాలేయం ముందుగా దానిని విచ్ఛిన్నం చేసే పనిలో పడుతుంది. అంతసేపూ కొవ్వును కరిగించే పని మందగిస్తుంది, కొత్త కొవ్వు తయారీ పెరుగుతుంది. ఆ క్రమంలో పుట్టే ఎసిటాల్డిహైడ్ కణాలను గాయపరుస్తుంది. స్థూలకాయం, మధుమేహం చేసే పని కూడా ఈ దిశలోనిదే. రెండు భారాలు ఒకే భుజంపై పడుతున్నాయన్న మాట.

2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ‘నాన్ ఆల్కహాలిక్’ అన్న పేరును తొలగించి, జీవక్రియ లోపాన్ని సూచించే కొత్త పేరు పెట్టాయి. జీవక్రియ లోపమూ, గీత దాటిన మద్యమూ కలిసి ఉన్నవారికి వేరే వర్గాన్ని ఏర్పరిచాయి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది.

ఇక మన కొలతలకు వద్దాం. 30 మిల్లీలీటర్ల పెగ్గు విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 60 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో, 7 శాతం గాఢత ఉంటే, దాదాపు 36 గ్రాములు. “ఒక్క బీరే” అనుకునే వ్యక్తి ఆ రోజుకు పురుషుల గీతను సైతం దాటేస్తున్నాడు.

కాబట్టి నా సమాధానం ఇది. కాలేయంలో కొవ్వు ఉన్నదని తెలిసిన తరువాత, ముఖ్యంగా మధుమేహమో, స్థూలకాయమో, కాలేయం గట్టిపడిన సూచనలో ఉంటే, మద్యాన్ని పూర్తిగా మానడమే క్షేమం. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా వైద్యుని పర్యవేక్షణలో మానాలి. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా తగ్గే అవకాశం ఉన్నది. తేరుకునే శక్తి కాలేయానికి పుష్కలంగా ఉన్నది. దానికి కావలసింది విరామం. ఆ గీత వైద్యుల పుస్తకాల కోసం గీసినదే గాని, మన గ్లాసు కోసం గీసినది కాదు.