జొన్న రొట్టె మన పళ్లెంలోంచి ఎట్ల పోయింది?



ఈ పోస్టు కొంచెం పొడుగున్నది. తీరిక చేసుకొని చదవండి. యాసంగి విత్తనానికి ఇంకా టైం ఉంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

జొన్న రొట్టె ఎందుకు మానేసినం అని ఊర్లో ఎవరినడిగినా రెండే జవాబులు. ఒకటి, ఇప్పటి ఆడపిల్లలకు రొట్టె కొట్టడం రాదు. రెండు, పిల్లలు తినరు. నేను చదివింది, పెద్దలను అడిగి తెలుసుకున్నది కలిపి చూస్తే ఈ రెండూ తర్వాత వచ్చిన సంగతులే. అసలు కారణాలు వేరే ఉన్నయి. అవి తెలిస్తే రొట్టెను మళ్లీ ఇంట్లోకి ఎట్ల తెచ్చుకోవాలో కూడా తెలుస్తది.

ముందు గింజ సంగతి. జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. సూడాన్ తూర్పు భాగంలో కస్సలా దగ్గర దొరికిన పాత కుండ పెంకుల మీద సాగు జొన్న పొట్టు అచ్చులు కనిపించినయి. అవి సుమారు 5000 ఏండ్ల నాటివని శాస్త్రవేత్తలు లెక్క కట్టిండ్రు. అక్కడి నుంచి సముద్రం దాటి మన దేశానికి వచ్చి, దక్కన్ నల్లరేగడిలో పాతుకుపోయింది. సూడానోళ్లు ఇప్పటికీ అదే జొన్న పిండిని పులియబెట్టి, జారుగా చేసి, పెంక మీద పలచగా పరిచి కాలుస్తరు. దాన్ని కిస్రా అంటరు. మనం పులియబెట్టం, వేడినీళ్లతో ముద్ద చేసి చేత్తో కొడతం. గింజ ఒక్కటే, చేతులు వేరు.

ఈ వేడినీళ్ల సంగతి చిన్నది కాదు. గోధుమ పిండిలో గ్లూటెన్ అనే మాంసకృత్తి ఉంటది. నీళ్లు పడితే అది సాగే వల లాగ అల్లుకుంటది. అందుకే చపాతీ కర్రతో ఒత్తితే సాగుతది, బేకరీ బ్రెడ్ పొంగుతది. జొన్నలో ఆ గ్లూటెన్ లేదు. చల్లనీళ్లు పోసి ఎంత పిసికినా తడి ఇసుక లాగ ఉంటది, కొడితే అంచులు పగులుతయి. మసిలే నీళ్లు పోస్తే పిండిలోని గంజి పదార్థం ఉడికి జిగి పుడతది. ఆ జిగే రొట్టెను పట్టి ఉంచుతది. చదువు లేని మన ముత్తవ్వలు ఈ కిటుకు చేతితో కనిపెట్టి, చేతితోనే బిడ్డలకు నేర్పిండ్రు. ఎక్కడా రాసి పెట్టలేదు.

ఇంకో కిటుకు, పిండి తాజాగా ఉండాలి. జొన్న పిండిలో నూనె గుణం ఉంటది, నిల్వ ఉంటే చేదెక్కుతది, జిగి తగ్గుతది. అందుకే పెద్దోళ్లు వారానికి సరిపడానే పట్టించేటోళ్లు. రొట్టె విరుగుతుందంటే కొట్టేటామె చేతిని కాదు, పిండిని అనుమానించాలి.

ఆ ఒక్క పిండితోనే ఇల్లంతా నడిచేది. పొద్దున పలచ రొట్టె, తొక్కు. చేన్లకు పోయేటోళ్లకు మందం రొట్టె, ఉల్లిగడ్డ. పిండిలో మెంతికూర వేస్తే ఒక రుచి, పైన నువ్వులు అద్దితే ఇంకో రుచి. మిగిలిన రొట్టె తుంచి మజ్జిగలో వేసుకుంటే పూట గడిచేది. దాన్నే దంచి బెల్లం కలిపితే మలీద, బతుకమ్మ సద్దులకు అదే ప్రసాదం. రొట్టెను బాగా ఎండ కాలిస్తే కరకరలాడే ఖడక్ రొట్టె, రోజుల తరబడి నిల్వ ఉంటది. సోలాపూర్, ఉత్తర కర్ణాటక దిక్కు ఇప్పటికీ దొంతులు దొంతులుగా పెట్టుకుంటరు. పిండికి బదులు గింజను రవ్వగా విసిరితే గటక, పులియబెడితే అంబలి.

నిజాం కాలం గెజిటీర్లు చూస్తే హైదరాబాద్ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ భూమిలో పండింది జొన్నే. అటు కర్నూలు, బళ్లారి సీమల్లో కూడా పేదల తిండి అదే. పల్నాడులో అన్నం దొరకదు, అంతా జొన్నకూడే అని శ్రీనాథుడు విసుక్కున్నట్టు చాటు పద్యాలు చెప్తరు. అంటే సుమారు 600 ఏండ్ల కిందనే వరి అన్నం పెద్దింటి తిండి, జొన్న పల్లె తిండి అనే లెక్క ఉన్నదన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడతది.

జీతగాళ్లకు కూలి జొన్నలే. గింజ మిగిలితే పాతర. భూమిలో గొయ్యి తీసి, చుట్టూ గడ్డి పేర్చి, గింజ పోసి, పైన మట్టితో మూసేటోళ్లు. తీసేటప్పుడు ముందు దీపం దించి చూసేటోళ్లు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని అర్థం, మనిషి దిగొద్దు. కరువు ఏడు ఆ పాతరే బతికించేది. సొప్ప ఎడ్లకు, బర్లకు. మనిషి, పశువు ఇద్దరి కడుపూ ఒక్క పంట నింపేది.

మరి ఇంత గట్టి పంట ముప్పై, నలభై ఏండ్లలో ఎట్ల పోయింది? నా లెక్కలో నాలుగు దెబ్బలు.

మొదటి దెబ్బ హైబ్రిడ్. 1964లో దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న సి.ఎస్.హెచ్-1 వచ్చింది. దిగుబడి బాగా పెరిగింది, అది అబద్ధం కాదు. కానీ పాత వానాకాలం రకాలు పగటి పొద్దు తగ్గినంకనే పూతకు వచ్చేవి. వానలు వెనుకబట్టినాక గింజ పాలు పోసుకునేది. హైబ్రిడ్లు తొందరగా పండి వానల్లో చిక్కినయి. గింజ బూజు పట్టి నల్లబడింది. అట్లాంటి గింజ పిండితో రొట్టె చేదు, రంగు మురికి. పొట్టి రకాలు గనుక సొప్ప కూడా తగ్గింది. రొట్టెకు మాత్రం యాసంగి మాల్దండే కావాలన్నరు. సోలాపూర్ జిల్లా మోహోల్‌లో 1930లలో పాత మాల్దండి నుంచి ఏరిన ఎం.35-1 రకం నేటికీ రొట్టెకు పేరున్నది. వానాకాలం జొన్న మాత్రం కోళ్ల దాణాకు, ఫ్యాక్టరీలకు పోయే సరుకైంది.

రెండో దెబ్బ బియ్యం. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలితో ఉన్న ఇంటికి అది వరమే, దాన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ జొన్న పండించి, ఆరబెట్టి, చెరిగి, విసరడం కంటే షాపులో బియ్యం తెచ్చుకోవడం అగ్గువైంది. పైగా అన్నం పెద్దింటి తిండి అనే పాత లెక్క ఉండనే ఉన్నది గదా. తెల్లన్నం తింటే పిల్లలకు గౌరవం అనిపించింది. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలు కిలో ఒక్క రూపాయికి ఇవ్వాలని రాసి ఉన్నది. మన కంట్రోల్ షాపుకు వచ్చింది మాత్రం బియ్యమే.

మూడో దెబ్బ బోరు, పత్తి. నీళ్లున్న చోట వరి, నీళ్లు లేని చోట పత్తి. చేతికి డబ్బులొచ్చే పంట ముందు కడుపుకు తినే పంట ఓడిపోయింది. 1970 ప్రాంతంలో దేశంలో జొన్న సుమారు 170 లక్షల హెక్టార్లు. ఇప్పుడు 40 లక్షల దగ్గరున్నది.

నాలుగో దెబ్బ గురించి మనం మగోళ్లం మాట్లాడం. అది ఆడోళ్ల కష్టం. గిర్ని రాకముందు కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి తిప్పాలి. ఆ తర్వాత పొగలో కూర్చొని ఒక్కొక్క రొట్టె కొట్టాలి. అన్నం ఎసట్లో వేస్తే అదే ఉడుకుతది, రొట్టె అట్ల కాదు. పది మంది ఇంటికి పాతిక రొట్టెలంటే గంటకు పైనే పొయ్యి ముందు. పగలంతా చేన్ల పని చేసిన మనిషి ఇంటికొచ్చి మళ్లీ ఆ పని. దానికి కూలి లేదు, మెచ్చుకోలు లేదు. వేరే దారి దొరకంగనే ఆ పని వదిలేసుకున్నరంటే బద్ధకం అనడానికి మనకు నోరెట్ల వస్తది?

ఇప్పుడు చూడండి. పట్నంలో సాయంత్రం రోడ్డు పక్కన ఆడోళ్లు పొయ్యి పెట్టి రొట్టెలు కొడుతుంటే కార్లు ఆపి కొనుక్కుంటున్నరు. షుగరున్నోళ్లకు డాక్టర్లు రాస్తున్నరు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. మరి రైతుకు ఏమొచ్చింది? 2024-25 మద్దతు ధర క్వింటాలుకు హైబ్రిడ్ జొన్నకు 3,371 రూపాయలు, మాల్దండికి 3,421. రొట్టెకు పనికొచ్చే గింజకు తేడా 50 రూపాయలు. కిలో గింజ మనకు 34 రూపాయలు పడితే, అదే కిలో పిండికి పద్నాలుగు రొట్టెలు లెక్కేసినా, ఒక్కోటి 20 రూపాయలకు అమ్మితే 280. విలువ చేన్ల లేదు, ముద్ద చేసి కొట్టే చేతిలో ఉన్నది. మన ఇండ్లల్లో ఉత్తగ చేయించుకున్న పనికి బజారు ఇప్పుడు ఖరీదు కట్టింది.

నేను జొన్న అమ్మి లక్షలు సంపాదించండి అని చెప్పడం లేదు. ముందు మన ఇంటి మందం పండించుకుందాం అంటున్న. అయితే ఒక చిక్కు ఉన్నది, అది మీకూ తెలుసు. ఊరంతటిలో ఒక్కడే జొన్న వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదనే. మంచె ఎక్కి ఒడిసెల తిప్పడానికి ఇప్పుడు మనుషులెక్కడ? అర ఎకరం వేసి, పిట్టలు తిన్నాక నాలుగు కంకులు ఇంటికి తెచ్చుకొని, మళ్లీ వేయనని ఒట్టు పెట్టుకున్నోళ్లు చాలా మంది. పూర్వం ఊరు ఊరంతా ఒక్క వాటంగా, ఒక్క వారంలో విత్తేది. పిట్టలు తిన్నది అందరి మీద పంచుకుపోయేది. మొవ్వు ఈగ కూడా అంతే, వెనుక విత్తిన చేనే ఎక్కువ దెబ్బతింటది. పాతోళ్లు కలిసి విత్తిండ్రంటే ఆచారం అనుకున్నం, అది పంటను కాపాడుకునే ఉపాయం.

కాబట్టి నా మాట ఇది. ఒక్కొక్కరం వేయొద్దు. నల్లరేగడి పక్కపక్కన ఉన్నోళ్లు పది మంది మాట్లాడుకొని, తలా అర ఎకరం, సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ మధ్యలోపు ఒకేసారి మాల్దండి వేద్దాం. పిట్టల కావలి వంతులేసుకుందాం. విత్తనం వచ్చే ఏడుకు మనమే దాచుకుందాం, అది హైబ్రిడ్ కాదు కాబట్టి మళ్లీ మొలిచి అదే గుణం ఇస్తది.

ఇంకొకటి. రొట్టె బాగా కొట్టొచ్చే చేతులు మన ఊర్లలో ఇప్పుడు అరవై, డెబ్బై ఏండ్లవి. విత్తనం సంచిలో దాచొచ్చు, ఆ చేతి పని సంచిలో దాచలేం. నీళ్లు ఎంత మసలాలి, ముద్ద ఎంత మెత్తగుండాలి, తడిగుడ్డ ఎప్పుడు అద్దాలి, ఇవి పక్కన కూర్చొని చూస్తేనే వస్తయి. అవ్వల దగ్గర కోడళ్లే కాదు, కొడుకులు కూడా నేర్చుకోవాలి. తినేటోళ్లందరికీ కొట్టడం వస్తే అది ఒక్క మనిషి మెడకు గుదిబండ కాదు.

మీ శివారులో రేగడి ఉన్నోళ్లు ఎందరున్నరో, మాల్దండి విత్తనం ఎవరి దగ్గరున్నదో చెప్పండి. దసరా లోపల కూర్చొని మాట్లాడుకుందాం.