గీతకి ఇవతలి పిల్లలు

1979. మయామీ. గది నిండా పైపు పొగాకు వాసన. గోడ మీద ఫ్లోరిడా పటం. దాని ముందు గుబురు మీసాల మనిషి నిలబడ్డాడు. మయామీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కొత్తగా వచ్చిన హెడ్ కోచ్ హోవర్డ్ ష్నెల్లెన్‌బర్గర్ అతనే. నువ్వు అతని అసిస్టెంట్లలో ఒకడివి.

అతని వేలు పడమటి తీరంలో టాంపా దగ్గర ఆనుతుంది. ఓర్లాండో మీదుగా, ఐ-4 హైవే వెంబడి, ఈశాన్యంగా డేటోనా వైపు సాగుతుంది. ఆ గీతకి దిగువనున్నదంతా 'స్టేట్ ఆఫ్ మయామీ' అంటాడు. అలాంటి రాష్ట్రం ఏ పటంలోనూ లేదు. ఆ లేని రాష్ట్రంలోని పిల్లల్ని ముందు మనం అడగాలి, దేశం సంగతి ఆ తర్వాత అంటాడు. క్వార్టర్‌బ్యాక్ జో నేమత్‌ని పెన్సిల్వేనియా నుంచి అలబామాకి ఒప్పించి తీసుకెళ్లిన మనిషి ఇతను. పిల్లల్ని ఊరు దాటించడమెలాగో బాగా తెలిసినవాడు. ఇప్పుడు ఊళ్లోనే ఆపమంటున్నాడు.

ఐదేళ్లలో జాతీయ చాంపియన్లమవుతామని కూడా అంటాడు. నువ్వు నవ్వలేవు, నమ్మనూ లేవు. కొన్నేళ్ల కిందట ఈ జట్టుని అసలు మూసేద్దామా అని యూనివర్సిటీ పెద్దలే ఆలోచించారు. స్టేడియంలో ఖాళీ కుర్చీలే ఎక్కువ.

నీ చేతికి ఓ జాబితా వస్తుంది. అన్నీ హైస్కూలు ఆఖరి ఏడాది కుర్రాళ్ల పేర్లు. ఇక్కడ ఐపీఎల్‌లోలా వేలం ఉండదు. ఈ 1979లో ఆటగాడికి జీతం లేదు. చదువు, బస, భోజనం కాలేజీ భరిస్తుంది. అలాంటి స్కాలర్‌షిప్‌లు ఏడాదికి 30 మించి ఇవ్వకూడదు. కుర్రాడి ఇంటికి వెళ్లాలి, తల్లి ఎదురుగా కూర్చోవాలి, ఒప్పించాలి. ఫిబ్రవరిలో సంతకం పెడితే నీవాడు. పెట్టకపోతే, రేపు అవతలి జట్టులో చేరి నీ మీదకే పరుగెత్తుకొస్తాడు.

1981 ఫిబ్రవరి. లిబర్టీ సిటీలో కారు ఆపుతావు. దిగేముందు ఒక్క క్షణం తటపటాయిస్తావు. వీధి చివరి దుకాణం గోడలు ఇంకా మసిబారే ఉన్నాయి. ఆర్థర్ మెక్‌డఫీ అనే నల్లజాతి మనిషిని పోలీసులు కొట్టగా అతను చనిపోయాడు. గత మే నెలలో ఆ పోలీసులు నిర్దోషులని తీర్పొచ్చింది. ఈ వీధులు భగ్గుమన్నాయి. 18 మంది పోయారు. నీ దగ్గరున్నదల్లా ఓ సంచీ, ఓ కాగితం, ఓ పెన్ను.

తలుపు తీసిన ఆవిడ ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. కాళ్లకి బూట్లు ఇంకా విప్పలేదు. కుర్రాడు గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. బల్ల మీద గెయిన్స్‌విల్, టల్లహాసీల్లోని ప్రత్యర్థి కాలేజీల నుంచి వచ్చిన ఉత్తరాలు. ఆవిడ వాటిని దాచలేదు. నువ్వు చూడాలనే అక్కడ పెట్టినట్టుంది.

"నేను ఈ ఊళ్లోనే పుట్టాను కోచ్ గారూ. మీ కాలేజీలో ఇంతవరకూ అడుగు పెట్టలేదు."

ఎందుకు పెట్టలేదో నీకు తెలుసు. 1961 దాకా ఆ కాలేజీ నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోలేదు. కాలేజీ ఉన్న కోరల్ గేబుల్స్ ఇక్కడికి అరగంట దూరం. ఆ అరగంట ఈ ఇంటికి ఒక జీవితకాలమంత పొడుగు.

ఇప్పుడేం చెబుతావు? కప్పుల గురించా? టీవీలో కనిపించడం గురించా? నీ సంచీలో రంగురంగుల పుస్తకం ఉంది. బయటికి తీయబోయి ఆగిపోతావు.

"తలుపు మూసింది మేమేనమ్మా. అందుకే మేమే వచ్చాం."

ఆవిడ నిన్ను చాలాసేపు చూస్తుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"వీడికి ఆటలో దెబ్బ తగిలితే?"

"అరగంటలో మీరు వీడి పక్కనుంటారు. గెయిన్స్‌విల్ అయితే ఐదు గంటల పైమాటే."

కుర్రాడు మొదటిసారి తలెత్తుతాడు. చూపు నీ మీద లేదు, అమ్మ మొహం మీదుంది. రిక్రూటింగంటే కండలు కొలిచి, పరుగుకి గడియారం పట్టడం అనుకుంటారు. నిజానికి జట్టు పుట్టేది ఇలాంటి ముందుగదుల్లోనే. ఈ కుర్రాడొక్కడే రాడు. వాళ్ల స్కూలు కోచ్ వస్తాడు, మేనమామలొస్తారు, చర్చి నుంచి ఓ బస్సు నిండా జనమొస్తారు. పక్కింటి పదేళ్ల పిల్లాడు ఆ చొక్కా రంగు గుర్తుపెట్టుకుంటాడు. ఖాళీ కుర్చీల్లో కూర్చునేది వీళ్లే.

ఆవిడ పెన్ను తీసుకుంటుంది.

బయటివాళ్లు వద్దని కాదు. క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోజార్ ఒహాయో నుంచి వస్తాడు. కానీ విమానం ఎక్కేముందు సిటీబస్సు తిరిగే వీధులన్నీ నువ్వు తిరిగి ఉండాలి.

జనవరి 2, 1984. ఆరెంజ్ బౌల్ స్టేడియం. రాత్రి. తడిగాలి. 72 వేలకి పైగా జనం. కేకలు చెవుల్లో కాదు, పక్కటెముకల్లో మోగుతున్నాయి. ఎదుట నెబ్రాస్కా. పన్నెండు ఆడి పన్నెండూ గెలిచిన జట్టు. మీరేమో సీజన్ మొదటి ఆటలోనే ఫ్లోరిడా యూనివర్సిటీ చేతిలో 28–3తో చితికిపోయి, పడి లేచినవాళ్లు.

మొదటి క్వార్టర్ అయ్యేసరికి 17–0. మీదే పైచేయి. అంతలో నెబ్రాస్కా బంతిని కావాలనే నేల మీద వదులుతుంది. డీన్ స్టైన్‌కూలర్ అనే భారీ లైన్‌మన్ దాన్ని ఎత్తుకుని గీత దాటేస్తాడు. అతనిది నెబ్రాస్కాలోనే బర్ అనే చిన్న పల్లె. వాళ్లూ తమ మట్టినే నమ్ముకున్నారు. నీకు కోపం రాదు, భయమేస్తుంది.

17–17.

మయామీ కొలంబస్ స్కూల్లో చదివిన అలొంజో హైస్మిత్ గీత దాటుతాడు. స్కాలర్‌షిప్ లేకుండానే జట్టులోకొచ్చిన ఆల్బర్ట్ బెంట్లీ కూడా దాటుతాడు. అతనిది టమాటా పొలాల ఇమొకలీ. 31–17. లిబర్టీ సిటీ కుర్రాడు బెంచీ మీద నీ పక్కనే మోకాళ్లు ఊపుతున్నాడు.

31–24.

ఇంకో నిమిషం లోపే ఉంది. నెబ్రాస్కాకి ఇది ఆఖరి ప్రయత్నం. ఎనిమిది గజాలు కావాలి. రాకపోతే ఆట మీదే. బంతి జెఫ్ స్మిత్ చేతికొస్తుంది. మూల వైపు పరుగు. దాటేశాడు.

31–30. మిగిలింది 48 సెకన్లు.

ఇప్పుడు తన్నితే ఒక పాయింటు, ఆట సమం. 1984లో ఇంకా అదనపు సమయం లేదు. సమమైనా మొదటి ర్యాంకు జట్టు కాబట్టి టైటిల్ దాదాపు వాళ్లదే. కానీ వాళ్ల కోచ్ టామ్ ఆస్‌బోర్న్ తన్నించడు. రెండు పాయింట్లకి వెళతాడు. బంతిని మూడు గజాలు దాటించాలి. ఒక్కటే అవకాశం.

అరవాలని నోరు తెరుస్తావు. మాట రాదు.

బంతి కదిలింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టర్నర్ గిల్ కుడివైపుకి. విసిరాడు. స్మిత్ చేతులు చాచాడు. మధ్యలో ఇంకో చెయ్యి. వేళ్ల కొసలు. బంతి వంకర పోయింది. స్మిత్‌కి తగిలింది. ఎగిరింది.

నేల.

జనం మైదానంలోకి దూకుతున్నారు. రేపు చాంపియన్‌ని తేల్చే ఓట్లు లెక్కపెట్టి, ఐదో స్థానంలో ఉన్న మయామీని మొదటి స్థానంలో కూర్చోబెడతారు. నిన్నెవరో పైకెత్తేస్తున్నారు. నీ కళ్లు మాత్రం ఆ చేతిని వెతుకుతున్నాయి. కెన్నీ కల్హూన్. ఊరు టైటస్‌విల్. నది అవతల రాకెట్లు లేచే ఊరు. స్కూలు పేరే ఆస్ట్రోనాట్ హైస్కూల్. ఐదేళ్ల కిందట ఆ గదిలో, పొగాకు వాసన మధ్య, పటం మీద జరిగిన వేలు ఆ ఊరికి కాస్త ఎగువనుంచే పోయింది.