రేగడినేల వృక్షసాక్ష్యము

అశోకుడు బాటల కిరువైపుల చెట్లు నాటించెనని బడిపిల్లలందఱును వల్లింతురు గాని, ఆ మాట చెక్కిన ఱాయి యొకటి ఆదోనికి ఆగ్నేయముగా, గుత్తి–పత్తికొండ మార్గమందలి యెఱ్ఱగుడి గుట్టపై నున్నదని యెఱిగినవారు కొందఱే. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున బ్రాహ్మీలిపిలో చెక్కబడిన యచ్చటి రెండవ శిలాశాసనము, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు మార్గములందు బావులు త్రవ్వించి, చెట్లు నాటించినట్లు చెప్పుచున్నది. ఆ వాక్యమున బావియు చెట్టును జంటగా నుండుట యీ ఆదోని సీమవారికి సులభముగ నర్థమగును.

ఏటికి 600 మిల్లీమీటర్ల చుట్టుపట్ల వాన కురియు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడిలో, వేసవి వచ్చునప్పటికి చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చుచుండ, నాటిన మొక్క తనంత తాను మ్రానగుట యరుదు. ముండ్లకంప చుట్టి, పసరము నోటబడకుండ కాచి, రెండు మూడు వేసవులు కడవలతో నీరు మోసి పోసిన చేతులుండవలెను. కావున ఇచ్చట నొక ముదుసలి మఱ్ఱిగాని చింతగాని కనబడినచో, దానిని ప్రకృతివిలాసమని యెంచుటకంటె, పేరు తెలియని మానవుడొకని ధర్మకార్యమని చదువుట మేలు.

ఊరినడుమ రావిని వేపను జంటగ నాటి, వానికి పెండ్లి చేసి, చుట్టును కట్ట కట్టి, చెట్ల మొదట నాగప్రతిమలను నిలుపు ఆచార మిట్టి ధర్మమే. ఏండ్లు గడచినకొలది వేరులు బలిసి కట్టఱాళ్లను ఎడముచేయును. పసుపు కుంకుమలతో నునుపెక్కిన నాగఱాయి బోదెలో సగము మునుగును. ప్రతిష్ఠాపకుని పేరు ఱాతిమీద లేకున్నను, ఆ మునిగిన లోతే కాలప్రమాణము.

ఱాతిమీద లేని యా పేరు దస్తరములందైన నున్నదా యని చూతము. విజయనగర ప్రభువులును, బిజాపురపు ప్రతినిధియగు సిద్ది మసూద్ ఖానుడును, నైజామును, 1800 నుండి కుంపిణీవారును ఏలిన యీ సీమ, బళ్లారి జిల్లాలో నుండి 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమున చేరినది. ఆంగ్లేయుల కాలమున పోరంబోకు చెట్ల ఫలసాయమునకు ‘2-సి పట్టా’ యిచ్చు పద్ధతి వచ్చి, పండు ననుభవించువాని పేరు దస్తరమున కెక్కినది గాని, ఏనాడో నాటి గతించినవాని పేరెక్కలేదు.

కదిరి ప్రాంతమున నాలుగెకరములకు పైగా వ్యాపించిన తిమ్మమ్మ మఱ్ఱిమాను, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. దారిప్రక్క చింత కట్టి భాగ్య మెక్కడిది? బాట వెడల్పు చేయుటకై గొడ్డలి యెత్తుటకు ముందు, దాని బోదె చుట్టుకొలతయు, కట్ట తీరును, దానినిగూర్చి వృద్ధులు చెప్పుకొను మాటయు గ్రామలెక్కలలో వ్రాయించినచో, శాసనములు చెప్పక విడిచిన చరిత్ర కొంతయైనను మనకు దక్కును.