మన పిల్లలకి క్రమశిక్షణ లేదా? ఒక పాత మాట వెనక ఉన్న చరిత్ర



ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. కొండ పిల్లలు క్లాసులో నోరు విప్పరు, గట్టిగా ఒక మాటంటే చెప్పకుండా ఇంటికెళ్ళిపోతారు అని. వారానికి ఒకటో రెండో పీరియడ్లు మాత్రమే ఉండే పీఈటీ, డ్రాయింగు, సంగీతం, క్రాఫ్ట్ టీచర్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పిల్లల పేర్లు తెలిసేలోపే గంట కొట్టేస్తారు. మన గ్రూపులో చాలామంది డీఎస్సీకీ, ఇలాంటి పోస్టులకీ చదువుతున్నారు. అందుకే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి వెనక్కెళ్ళి చూద్దాం.

పద్మనాభం నుంచే మొదలెడదాం. 1794 జూలై 10న ఇక్కడే ఈస్టిండియా కంపెనీ సైన్యంతో జరిగిన యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయారు. ఆయన కొడుకు నారాయణబాబు అప్పటికి చిన్నపిల్లాడు. ఆ పిల్లాడికి ఆశ్రయం ఇచ్చింది కొండ జమీందార్లు. ఆపద వచ్చినప్పుడు మైదానం పిల్లాణ్ణి కొండ దాచుకుంది. మరి కొండ పిల్లలు చదువుకోసం బడికొస్తే ఆ బడి వాళ్ళని ఎలా చూసింది?

కంపెనీ పాలన నెమ్మదిగా కొండలెక్కింది. 1839 చట్టంతో గంజాం, విశాఖ జిల్లాల కొండ ప్రాంతాలు కలెక్టరుని ఏజెంటుగా పెట్టి పాలించే ప్రాంతాలయ్యాయి. మనం వాడే 'ఏజెన్సీ' అనే మాట అక్కణ్ణించే వచ్చింది. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకల లాంటి జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులుగా రాసేశారు. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని కూడా తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం ఆ చట్టంలో ఉంది. అంటే పిల్లాడు ఏమీ చెయ్యకముందే వాడి నడవడి చెడ్డదని నిర్ణయం అయిపోయింది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. కానీ 'వీళ్ళింతే' అనే చూపు స్టాఫ్ రూముల్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

అదే కాలంలో వేరే దారి చూపించిన మేస్టారు ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు. 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. దగ్గర్లో కొండల మీద ఉండే సవరలకి చదువు చెప్పాలనుకున్నారు. ముందు పిల్లలకి తెలుగు నేర్పించడం మొదలెట్టలేదు, తానే సవర భాష నేర్చుకున్నారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వల్ల చెవుడు కూడా వచ్చింది. సొంత డబ్బుతో సవర బడులు పెట్టారు, ఆ భాషలోనే వాచకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే అది నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి వాళ్ళ భాషలో చెప్పే బడి పెట్టండి అన్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పేరుమీదే చేస్తారు గానీ, సవర పిల్లల కోసం ఆయన పడ్డ కష్టం ఆ రోజు ఎంతమంది చెప్తారు?

రెండో ఉదాహరణ ఆదిలాబాద్‌ది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ని చంపేశాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ని పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకుల్నే టీచర్లుగా తయారుచేశారు, గోండి భాషలో వాచకాలు వచ్చాయి. క్లాసులో నిలబడ్డ మనిషి తనవాడే అయినప్పుడు పిల్లాడికి బడంటే భయం తగ్గుతుంది కదా.

ఈ రెండు పాఠాలూ ప్రభుత్వానికి తెలియనివి కాదు. 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కోయ, కొలామి, బంజారా, ఈ 8 భాషల్లో బహుభాషా విద్య మొదలెట్టారు. కానీ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని జీవో 3ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాల్ని షరతులతో ఉండనిచ్చింది. కాబట్టి ఇకమీదట మన భాష రాని టీచర్లు మన బడులకి ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. ఇప్పుడు మన పిల్లల మౌనాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకుంటారన్నదే అసలు సమస్య.

చట్టం ఒకటి మన పక్కన ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. జాతి పేరుతో, యాసతో వెక్కిరించడం కూడా వేధింపే.

రేపు మనలో ఎవరైనా పీఈటీగానో, క్రాఫ్ట్ టీచరుగానో వెళ్తే ఈ చరిత్ర నుంచి పట్టుకెళ్ళాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి వారం పేర్లు నేర్చుకోవడానికే పెట్టుకోండి. రిజిస్టర్లో పేరుతో పాటు ఇంట్లో పిలిచే పేరూ తెలుసుకోండి. రా, కూర్చో, బాగుంది, మళ్ళీ చెప్పు లాంటి ఓ పది మాటలు పిల్లల భాషలో నేర్చుకోండి. కొత్త పిల్లాడు మాట్లాడకపోతే అదే ఊరి పెద్ద పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. థింసాలో అందరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని వాయిద్యం దెబ్బకి ఒకే అడుగు వేస్తారు, అక్కడ ఎవరూ విజిల్ వెయ్యరు. డ్రిల్లు క్లాసు అలా మొదలెడితే అరవాల్సిన పని చాలా తగ్గుతుంది. ఇటుకల పండగకి ఇంటికెళ్ళిన పిల్లాణ్ణి పారిపోయాడని రాయకండి. పండగ ముందే తెలుసుకుని, ఎప్పుడొస్తావని అడిగి పంపండి.

గిడుగు మేస్టారు మన జాతివాడు కాదు, అయినా నేర్చుకున్నారు. అందుకే బయటి నుంచి వచ్చే టీచర్లని శత్రువులుగా చూడొద్దు, ఈ మాటలు వాళ్ళకీ చెప్దాం. అలాగే మన జాతిలో పుట్టినంత మాత్రాన మనం మంచి టీచర్లం అయిపోం, బెత్తం పట్టుకుంటే మనమూ ఆ పాత చూపుతోనే చూస్తున్నట్టు. మీ ఊరి బడిలో పిల్లలు ఏ భాష మాట్లాడతారు, టీచర్లలో ఎంతమందికి ఆ భాష వచ్చో కింద రాయండి. మన లెక్క మన దగ్గర ఉంటేనే ఐటీడీఏలో అడగగలం.

జై ఆదివాసీ.